చికువా జట్టు తెత్సు

మా నిషిగహామా రేవులో దిగి, నరితా తొమోయె ఇల్లెక్కడండీ అని అడిగి చూడండి. ఒక్కళ్ళూ చెప్పలేరు. ఉత్తరాలిచ్చే అబ్బాయి కూడా బుర్ర గోక్కుంటాడు. అదే తెత్సు ఇల్లెక్కడ అనండి, చేపల కోసం తిరిగే పిల్లులు కూడా ముందు నడిచి దారి చూపిస్తాయి.

తొమోయె అమ్మానాన్నా పెట్టిన పేరు. తెత్సు కోర్టు పేరు. బాస్కెట్‌బాల్ ఆడే ఆడపిల్లల్లో అదో పద్ధతి. జట్టులోకి కొత్త పిల్ల వస్తే పెద్దక్కలందరూ కూర్చుని ఓ పొట్టి పేరు పెడతారు, ఆటలో అరిచి పిలవడానికి. బంతి చేతిలోంచి జారిపోతుంటే ఇంటిపేరుతో సహా జాతకమంతా చదువుతూ కూర్చోరు కదా!

తెత్సు వాళ్ళ నాన్న స్క్విడ్ పడవ మీద పనిచేసేవాడు. పిల్లేమో పొట్టిది. ఎన్ని చేపలు తిన్నా, ఎన్ని పాలు తాగినా ఒళ్ళు గట్టిపడిందే గానీ పైకి సాగలేదు. ఆయన నవ్వేవాడు.

"నువ్వు పొట్టి, ఆ బుట్టేమో అంత ఎత్తున. మీ ఇద్దరికీ పొత్తెలా కుదురుతుందే?"

"అది కిందికి రాదు కదా నాన్నా, నేనే పోతాలే" అనేది.

చలికాలం మా దగ్గర మంచు నడుం దాకా పడుతుంది. ఆదివారం బడికి తాళం. ఇది ఊరుకుంటుందా? చేపల వేలం వేసే షెడ్డులోకి పోయి, వేలం అయిపోయాక ఆ తడి సిమెంటు మీద బంతి కొట్టేది. పొలుసుల మీద బంతి ఎటు జారుతుందో దేవుడికి కూడా తెలీదు. దానికి తెలిసిపోయింది. అలా కుదిరిన చెయ్యి అది. తర్వాత పట్నం హాళ్ళలో అద్దంలాంటి చెక్క నేల మీద దాని చేతిలోంచి బంతి లాక్కోవడం ఎవరి తరం కాలేదు.

పద్దెనిమిదేళ్ళకి అకిమోతో గారి చికువా ఫ్యాక్టరీలో చేరింది. చేప ముద్దని ఊచకి చుట్టి నిప్పుల మీద తిప్పి కాలుస్తారే, ఆ చికువా. ఫ్యాక్టరీకి సొంత జట్టుంది. పొద్దున పని, మధ్యాహ్నం నుంచి ఆట. మొదటి రోజే ఆటలో ఓ పెద్దక్కని గుద్దుకుంది. పడింది ఇది కాదు, ఆ పెద్దక్క. సాయంత్రం హాస్టల్లో ఉడుకుతున్న కుండ చుట్టూ కూర్చున్నప్పుడు ఆ పెద్దక్కే నడుం పట్టుకుని మూలుగుతూ, "ఇది పిల్ల కాదే, ఇనుము" అంది. మా భాషలో ఇనుముని తెత్సు అంటారు. అంతే, తెత్సు అయిపోయింది.

ఇనుమే మరి. నాలుగేళ్ళు తిరక్కుండా పట్నం నుంచి పెద్ద జట్టు వాళ్ళొచ్చి తీసుకుపోయారు. ఊచలు తిప్పే పని లేదు, ఆటే జీతం. అక్కడ కెప్టెన్ పేరు రై. ఆవిడది చెయ్యి కాదు, కొరడా. బంతి విసిరితే గాలి రెండుగా చీలిపోయేది. తెత్సు ఆవిడ వెనకే అంటిపెట్టుకుని తిరిగింది. ఆవిడ బూట్లు తుడిచింది, సంచీ మోసింది, ఆవిడ స్నానం ముగిసే దాకా తను నీళ్ళలోకి దిగలేదు. చిన్నది పెద్దదానికి చెయ్యాల్సిందే, అందులో వింతేం లేదు. పేరు పొట్టిదైనా దాని వెనక గారు తగిలించాల్సిందే. రై గారూ. ఒళ్ళంతా చెమటలు కారుతున్నా రై గారే.

ఆ గారే కొంప ముంచింది.

దేశంలో పెద్ద కప్పుకి ఆఖరి ఆట. ఒక్క పాయింటు ముందున్నారు, గడియారంలో సెకన్లే మిగిలాయి. బంతి రై చేతిలో ఉంది. వెనక నుంచి అవతలి జట్టు పిల్ల పిల్లిలా వచ్చి బంతి కింద చెయ్యి పెట్టబోతోంది. చూసింది ఒక్క తెత్సే. "రై, వెనక!" అంటే చాలు. దీని నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "రై గారూ, క్షమించండి, మీ వెనకాల..."

మీ వెనకాల అనే లోపు బంతి పోయింది. దాని వెనకే కప్పూ పోయింది.

దాన్ని ఎవరైనా తిట్టారా అంటే, లేదు! అదే విడ్డూరం. అంత గాభరాలో కూడా మర్యాద తప్పలేదు, మంచి పెంపకం అన్నారు. రై మాత్రం తువ్వాలు మొహం మీద కప్పుకుని కూర్చుంది. ఆ తువ్వాలు కింద ఏముందో తెత్సు ఎన్నేళ్ళు ఆలోచించిందో! తర్వాత కప్పులు గెలిచింది, మెడలో పతకాలు పడ్డాయి, దేశం తరఫున ఆడింది. అయినా స్నానానికి వెళ్ళినప్పుడల్లా ఆ మాట చెవుల్లో వినిపించేదట. క్షమించండి, మీ వెనకాల.

మోకాలు అరిగిపోయాక ఆట మానేసింది. పట్నంలోనే పిల్లలకి నేర్పుకుంటూ ఉంటే అకిమోతో గారి నుంచి ఫోనొచ్చింది. చికువా జట్టు కింది లీగులోకి జారి చాలా కాలమైంది. కోచ్ చెప్పా పెట్టకుండా మానేశాడు.

"వచ్చి చూస్కుంటావా?" అన్నారు అకిమోతో గారు.

"చూస్కుంటాను."

"ముందే చెప్తున్నా, దాపరికం లేదు. ఈ ఏడు పై లీగుకి ఎక్కితే జట్టుంటుంది. ఎక్కకపోతే మూసేస్తా. కింది లీగులో మా పిల్లలు ఆడుతున్నారని నాకే గుర్తుండట్లేదు, ఊళ్ళో వాళ్ళకేం గుర్తుంటుంది!"

ఊరికొచ్చి జట్టుని చూసింది. పిల్లలు బాగానే ఉన్నారు. కోర్టుకి వంగి దణ్ణం పెట్టి లోపలికొస్తారు, చెమట చుక్క పడితే తుడుస్తారు, పరిగెత్తమంటే పరిగెత్తుతారు. ఆట మొదలెడితే మాత్రం చావింటి నిశ్శబ్దం. బూట్ల కీచుకీచులు తప్ప ఒక్క మాట వినబడదు.

కొత్తగా ఒక పిల్ల వచ్చి ఉంది, యుకినో అని. రేవు లైట్ హౌసు నడిచొచ్చినట్టుంటుంది. గుమ్మాలన్నిటికీ తల వంచి వంచి, ఎవరు కనబడినా అలాగే వంగిపోయేది. అంత పొడుగు పిల్ల బుట్ట దగ్గర నిలబడితే కోర్టంతా కనబడుతుంది. ఎవరెక్కడున్నారో, ఎవరు దూరి వస్తున్నారో అన్నీ చూస్తుంది. చూసి ఏం లాభం? నోరు పెగలదు. పెగిలినా, "సోరా గారూ, ఇబ్బంది పెడుతున్నానేమో, ఎడమ పక్కన..." అంటుంది. ఆ సోరా జట్టుకి కెప్టెన్. అప్పటికే సోరా ఎడమ పక్క నుంచి అవతలి జట్టు వాళ్ళు బుట్టలో వేసేసి వెనక్కి కూడా పోయేవాళ్ళు.

తెత్సుకి ఎదురుగా నిలబడింది యుకినో కాదు, తనే.

మర్నాడు అందరినీ పోగేసి చెప్పింది. "కోర్టులో గారు వద్దు. అండీలు వద్దు. క్షమించండి అసలే వద్దు. కోర్టు పేరు పెట్టి, ఏకవచనంలో పిలవండి. నన్ను కూడా. గీత లోపల నేను తెత్సుని, అంతే."

అందరూ "సరేనండీ, తెత్సు గారూ!" అన్నారు.

నెత్తి కొట్టుకుంది.

సోరా మాత్రం ఆట అయ్యాక వెనకే వచ్చింది. దాని మొహం కందగడ్డలా ఉంది. "తెత్సు గారూ, ఒక మాట. ఈ జట్టుకొచ్చిన మొదట్లో మూడేళ్ళు నేల తుడిచాను. పెద్దక్కల బట్టలుతికాను. అప్పుడు దక్కింది నాకు ఆ గారు. నిన్న గాక మొన్నొచ్చిన పిల్ల నన్ను ఒసే అన్నట్టు పిలవాలా?"

"పిలవాలి."

"నా వల్ల కాదు."

"నీ వల్ల ఎందుకు, పిలవాల్సింది అది కదా!"

"దాని వల్లా కాదు" అంది సోరా. ఆ మాటైతే నిజమే.

తెత్సు నెలంతా అరిచింది, బతిమాలింది, పరుగులు పెట్టించింది. లాభం లేదు. పాలతో పాటు పట్టిన మర్యాద పరుగులు పెడితే పోతుందా? నాలుక మీద అతుక్కుపోయిందాయె. ఆటలన్నీ బొటాబొటీగా గెలుస్తున్నారు, అదీ యుకినో పొడుగు వల్ల. ఇలా అయితే ఆఖరి ఆటలో చిత్తవుతారని తెత్సుకి తెలుసు.

ఒకరోజు ఏదో సంతకానికి ఫ్యాక్టరీలోకి వెళ్ళింది. కాల్చే లైను దగ్గర ఒకప్పుడు తను పనిచేసిన చోటే ఫుమి నిలబడి ఉంది. ఫుమి ఆ లైనుకి పెద్ద. నిప్పుల సెగకి మొహం కూడా చికువాలాగే గోధుమ రంగు తేలింది. యంత్రాల మోతకి పక్కవాడి మాట వినబడదక్కడ. అకిమోతో గారు చేతులు వెనక్కి కట్టుకుని తనిఖీకొచ్చి నిలబడ్డారు. ఆయన పక్కనే ఊచ ఒకటి అడ్డం పడింది. ఫుమి గొంతు చించుకుంది.

"అకిమోతో! నొక్కరా ఆ ఎర్రది!"

ఓనరు గారు గబుక్కున ఎర్ర మీట నొక్కి యంత్రం ఆపారు. ఊచ తీశారు. యంత్రం మళ్ళీ తిరిగింది. ఎవరూ ఏమీ అనుకోలేదు. కాసేపయ్యాక టీ దగ్గర ఫుమి నడుం వంచి, "రండి అకిమోతో గారూ, ముందు మీరు పుచ్చుకోండి" అంది.

తెత్సు సంతకం సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయింది. తనూ పద్దెనిమిదేళ్ళప్పుడు ఇక్కడ ఇలాగే అరిచింది కదా! ఫుమిని ఫుమీ అని, ఫోర్‌మన్‌ని ఒరేయ్ అని. ఊచలు మాడుతుంటే గారు ఎవరికి గుర్తుంటుంది? మరి కోర్టులోకి వెళ్ళగానే నోరెందుకు కట్టుకుపోయింది తనకి?

ఆటగాళ్ళ చేతులు జాగ్రత్త అని ఆ పిల్లలందరినీ ప్యాకింగు గదిలో, మెత్తని కుర్చీల్లో కూర్చోబెట్టారు. తెత్సు పోయి అకిమోతో గారిని అడిగింది. "మా పిల్లలందరినీ కాల్చే లైనుకి మార్చండి."

"చేతులు కాలితే బంతెవరు పట్టుకుంటారమ్మా?"

"నోళ్ళు తెరవకపోతే బంతి పట్టుకున్నా ఒకటే, పట్టుకోకపోయినా ఒకటే."

మార్చారు. మొదటి రోజే జరిగింది. యుకినో ముందు ఊచ అడ్డం పడింది. ఆ పిల్ల ఏం చేసిందనుకున్నారు? చేతి తొడుగులు తీసి, తల మీది టోపీ సర్దుకుని, ఫుమి దగ్గరికి నడిచి వెళ్ళి, నడుం వంచి, "ఫుమి గారూ, పనిలో ఉన్నారు, అడ్డొస్తున్నందుకు మన్నించాలి, అక్కడ ఒక ఊచ..." అంది. వెనక నుంచి నల్లటి పొగ. లైను మీదున్న చికువాలన్నీ బొగ్గులు.

ఫుమి ఆ బొగ్గు ఒకటి తీసి పిల్ల చేతిలో పెట్టింది. "నువ్వు దణ్ణం పెట్టే లోపు సగం సముద్రం మాడిపోయిందే తల్లీ! తీసుకో, నీ మర్యాద ఇదిగో. తిను."

లైనంతా గొల్లుమంది. పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. తిన్నది పాపం, నిజంగానే! కరకరా నమిలింది. "బాగుందండీ" అంది కూడా. ఫుమికి ఇంక నవ్వాగలేదు.

అప్పట్నుంచి ఫుమి దాని వెంట పడింది. "ఏయ్ లైట్ హౌసూ! దీపం వెలిగించు, నోరు తెరువు!" అని పొద్దున్నే మొదలెట్టేది. మంచు కురవడం మొదలైన రోజుల్లో ఒకనాడు మళ్ళీ ఊచ అడ్డం పడింది. ఆ మోతలోంచి, ఫ్యాక్టరీ రేకులు అదిరేలా ఒక గొంతు లేచింది.

"ఫుమీ! ఆపూ!"

యంత్రం ఆగింది. మోత ఆగింది. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుని, తన గొంతే అని నమ్మలేనట్టు నిలబడింది. ఫుమి తిరిగి చూసి, "చెవుడేం లేదే నాకు, అంత అరవాలా?" అంది. అని తొడుగులు తీసి చప్పట్లు కొట్టింది.

సరే, లైను మీద నోరొచ్చింది. కోర్టులోకి రావాలిగా! అక్కడ సోరా ఉంది, దాని కళ్ళున్నాయి. పిల్ల ఆ కళ్ళు చూసి మళ్ళీ గారు మింగలేక కక్కలేక అవస్థ పడేది. ఒక సాయంత్రం ఆటలో అలాగే నసుగుతుంటే సోరా చూసుకోక పోయి ఎదుటి పిల్ల భుజానికి మొహం కొట్టుకుంది. ముక్కు లోంచి రక్తం బొటబొటా. యుకినో నేల మీద పడి తల ఆనించి ఏడుపు. సోరా గోడకి చేరబడి, ముక్కు మీద ఐసు పెట్టుకుని, తెత్సు వైపు ఒకసారి, ఆ పిల్ల వైపు ఒకసారి చూసింది.

"నా గారు తీసేయవే" అంది ముక్కుతో. "ముక్కన్నా మిగులుతుంది."

ఆ రోజు నుంచి కోర్టు చేపల వేలం షెడ్డులా అయిపోయింది. సోరా, ఎడమ! మియా, వదిలెయ్! బూట్ల చప్పుడు వినబడితే ఒట్టు. గెలవడం మొదలెట్టారు, అదీ మామూలుగా కాదు, ఊచకోత. కానీ ఒక్క చోట మాత్రం ఎవరి నోరూ దాటలేదు. సోరాతో సహా అందరూ తెత్సుని తెత్సు గారూ అనే పిలిచేవాళ్ళు. గీత లోపలైనా, గీత బయటైనా. తెత్సు ఎంత చెప్పినా అంతే. చివరికి విసుగొచ్చి వదిలేసింది.

పై లీగుకి ఎక్కాలంటే ఇంకొక్క ఆట. సెండాయ్‌లో. అవతలి జట్టు కోచ్ ఎవరు? రై. జుట్టు నెరిసింది, నడుం మాత్రం అలాగే నిటారుగా ఉంది. తెత్సు ఆవిణ్ణి చూడగానే ఎప్పట్లాగే సగానికి వంగింది. "రై గారూ, బాగున్నారా?"

"బాగున్నాను. ఓడించడానికే వచ్చాను" అంది రై. ఆవిడ ఎప్పుడూ అంతే, దాపరికం లేదు.

ఆ రోజు ఫ్యాక్టరీకి సెలవు. బస్సులేసుకుని మా ఊరు ఊరంతా వెళ్ళింది. ఫుమి అయితే లైను మీద వేసుకునే తెల్ల టోపీతోనే వచ్చేసింది. అకిమోతో గారు కోటు తొడిగి, టై కట్టుకుని, మొహం చిన్నబుచ్చుకుని కూర్చున్నారు. జట్టు మూసేస్తానన్న మనిషి జట్టు కంటే ఎక్కువ వణుకుతున్నాడని ఫుమి అందరికీ వినబడేలా చెప్పింది.

రై తన పిల్లల్ని కత్తుల్లా నూరి తెచ్చింది. మొదటి సగం మా వాళ్ళకి చుక్కలు కనబడ్డాయి. రెండో సగంలో యుకినో గొంతు లేచింది. వెనక వస్తోంది, కుడికి పో, దాన్ని నాకొదిలెయ్ అంటూ. ఆ అరుపుల మీదే మా వాళ్ళు ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చారు. చివరికొచ్చేసరికి ఒక్క పాయింటు ముందున్నారు.

అప్పుడు రై జట్టు పిల్ల ఒంటి కాలి మీద తిరిగి బుట్టలో వేసేసింది. వాళ్ళు ఒక్క పాయింటు ముందు. గడియారం ఆగింది. ఊపిరి బిగబట్టినంత సేపు మిగిలింది.

తెత్సుకి అంతా మళ్ళీ అదే ఆటలా కనబడింది. అదే ఒక్క పాయింటు, అదే రై. టైం అవుట్ అడగాలి. పిల్లల్ని కూర్చోబెట్టి, గీతలు గీసి, ఎలా వెయ్యాలో చెప్పాలి. ఏ కోచైనా అదే చేస్తాడు. బల్ల దగ్గర లెక్కలు రాసేవాళ్ళ వైపు తిరిగింది, చేతులు లేపబోయింది.

బుట్ట కింద గీత అవతల యుకినో బంతి పట్టుకుని నిలబడి ఉంది. ఆ ఎత్తు నుంచి కోర్టంతా చూసింది. రై పిల్లలు ఇంకా ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంటున్నారు. వెనక్కి పోవాల్సిన వాళ్ళు పోలేదు. అవతలి బుట్ట వైపు ఖాళీ. సోరా నడిచినట్టే నడుస్తూ అటు జారుకుంటోంది.

"తెత్సూ! వద్దు!"

హాలంతా వినబడింది. గారు లేదు, అండీ లేదు, క్షమాపణ లేదు. సగం లేచిన చేతులు తెత్సుకి అక్కడే ఆగిపోయాయి. ఆ రెండు చేతుల్నీ చంకల్లో దోపుకుని నొక్కి పట్టుకుంది, వాటంతట అవి లేస్తాయేమోనని.

"సోరా! పో!"

బంతి కోర్టు ఈ చివర నుంచి ఆ చివరికి లేచింది. సోరా పరిగెత్తింది. పరిగెత్తుతూనే అందుకుంది. ఒక్క గెంతు, బంతి బుట్ట అంచు మీద ఒకసారి ఆలోచించి లోపలికి పడింది. గంట మోగింది.

ఆ తర్వాత ఎవరు ఎవరి మీద పడ్డారో చెప్పలేం. ఫుమి టోపీ ఎగిరి ఎవరి ఒళ్ళోనో పడింది. అంత గోలలోనూ ఫుమి గొంతు ఒక్కటి వేరుగా వినబడింది.

"అకిమోతో! మూస్తావా ఇప్పుడు?"

అకిమోతో గారు లేచి, మా ఊరి వాళ్ళందరి వైపూ తిరిగి, టై నేలకి తగిలేలా వంగారు. లేచేసరికి కళ్ళద్దాలు తడిసిపోయాయి. "మూయను, మూయను" అన్నారు. ఫుమి "వినబడట్లా!" అంది. "మూయనే తల్లీ!" అని అరిచారాయన.

కోర్టులో యుకినో ఏది? తెత్సు కాళ్ళ దగ్గర, నుదురు నేలకి ఆనించి ఉంది. "పేరు పెట్టి పిలిచాను, వద్దన్నాను, ఆజ్ఞాపించాను, క్షమించండి, క్షమించండి తెత్సు గారూ..."

"లేవవే! గెలిచి ఏడుస్తావేంటి?"

"మీ చెయ్యి ఆపేశాను..."

"ఆపావు కాబట్టే గెలిచాం. గీత లోపలే ఉన్నావింకా, గారు తియ్యి."

"తీయలేనండీ" అంది పిల్ల వెక్కుతూ. "ఇందాక ఎలా వచ్చిందో నాకే తెలీదు."

తెత్సు దాన్ని భుజాలు పట్టి లేపబోయింది గానీ, లేచేసరికి దాని భుజాలే తెత్సు తల మీదికొచ్చాయి. అలా ఆ పొడుగు చేతుల మధ్య ఇరుక్కుని ఉండగానే ఎదురుగా రై వచ్చి నిలబడింది. ఓడిపోయిన మొహం దాచుకోలేదు. తువ్వాలు భుజం మీద ఉంది, మొహం మీద లేదు.

"మంచి గొంతు దొరికింది నీకు" అంది. "ఆ రోజు నాకు దొరకలేదు."

ఇన్నేళ్ళ నుంచి తువ్వాలు కింద ఏముందో అని దిగులుపడ్డ తెత్సుకి అప్పుడు తెలిసింది. కోపం కాదది. ఒక్క పిలుపు కోసం ఎదురు చూపు. తెత్సు వంగలేదు. ఎత్తు తక్కువైనా తల పైకెత్తి, ఆవిడ కళ్ళలోకి చూసింది.

"రై! వెనక!"

రై ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు. తిరిగి తెత్సుని చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంది. "ఆలస్యంగా చెప్పావే మొద్దూ" అంది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని అలా ఊగుతూనే ఉన్నారు. చూసిన వాళ్ళకి ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో తెలిస్తే ఒట్టు.

తిరుగు ప్రయాణంలో బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఫుమి పెట్టెలో తెచ్చిన చికువాలు పంచుతోంది. అందరూ ఎక్కారు, యుకినో మాత్రం మెట్ల దగ్గరే, బస్సు కప్పు తగలకుండా మెడ వంచుకుని నిలబడి ఉంది. డ్రైవరు హారను కొట్టాడు.

"కూర్చోవే లైట్ హౌసూ, బయల్దేరాలి!" అంది ఫుమి.

"తెత్సు గారు ఇంకా కూర్చోలేదండీ" అంది ఆ పిల్ల. "ముందు ఆవిడ కూర్చోవాలి కదా."